పొద్దున్నే వేడెక్కించిన ఇంజిన్

2018 అక్టోబరులో ఒక శనివారం. బండి కొనేవాళ్లు చూడ్డానికి పదింటికి వస్తామన్నారు. నేను తొమ్మిదింటికే తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేశాను. పావుగంట అలాగే నడవనిచ్చి, తర్వాత ఊళ్లోకి వెళ్లి డీజిల్ కొట్టించుకొచ్చాను. ట్యాంకులో అప్పటికే సగానికి పైగా ఉంది. డీజిల్ కోసం వెళ్లలేదు నేను. వాళ్లు వచ్చేసరికి ఇంజిన్ బాగా కాగి ఉండాలి, అందుకు వెళ్లాను. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పాత డీజిల్ బళ్లతో పని ఉన్నవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. లేనివాళ్ల కోసం చెప్తాను. రాత్రంతా ఆగి చల్లబడ్డ ఇంజిన్ తన రోగాన్ని దాచుకోలేదు. చల్లని సిలిండర్లను వెచ్చబెట్టే గ్లో ప్లగ్గులు పోయి ఉంటే సెల్ఫ్ కొట్టిన వెంటనే అందుకోదు. ఇంజెక్టర్లు కారుతుంటే తెల్లటి పొగ వదులుతూ, ఒక సిలిండరు తప్పి తప్పి కొట్టుకుంటుంది. హెడ్ గాస్కెట్ పోవడం మొదలైతే ఇంకో గుర్తు ఉంది. రేడియేటర్‌కు పైనుండే రబ్బరు హోస్, రాత్రంతా ఆగిన బండికి మెత్తగా ఉండాలి, వేళ్లతో నొక్కితే లోపలికి పోవాలి. గాస్కెట్ దగ్గర సందు పడితే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి దూరి, ఆ ఒత్తిడి రాత్రి గడిచినా దిగదు. పొద్దున్నే పట్టుకుంటే హోస్ గాలి కొట్టిన ట్యూబులా ఉంటుంది. ఇంజిన్ ఒకసారి కాగిందంటే ఇవేవీ తెలియవు. కాగిన ఇంజిన్ మీద ఆ హోస్ ఏ బండికైనా గట్టిగానే ఉంటుంది.

నా బండికి ఆ హోస్ రెండు నెలల నుంచీ ప్రతి పొద్దునా గట్టిగా ఉంటోంది.

డాలస్‌కు వాయవ్యంగా డెకేటర్ దగ్గర మాకు ఆరెకరాల నేల ఉంది. గడ్డి, ఒక కుంట, ఇరవై మేకలు. వారమంతా ప్లేనోలో కంప్యూటరు ముందు కూర్చుని, శని ఆదివారాలు అక్కడ గడిపేవాణ్ణి. గడ్డి మోపులకూ, మేకల ట్రైలర్‌కూ, అప్పుడప్పుడూ అద్దెకు తెచ్చే చిన్న లోడర్‌కూ గట్టి బండి కావలసి వచ్చింది. ఇక్కడ ముప్పాతిక టన్ను, టన్ను అని పిలిచే పికప్పులు ఉంటాయి. ఆ పేర్లు పాతకాలం నాటివి. నిజానికి మోసే బరువుతో కలిపి 8,500 పౌండ్లు దాటిన తరగతి అది, లాగేది ఇంకా ఎంతో ఎక్కువ. కొత్తవి కొనే స్తోమత లేక పాతదాని కోసం మూడు నెలలు వెతికాను. వెతుకుతూ చాలా చదివాను, ఎందరినో అడిగాను. ఏ బండికి ఏ జబ్బో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఫోర్డ్ 2003 నుంచి 2007 దాకా పెట్టిన ఆరు లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజిన్ కథ అన్నిటికన్నా పెద్దది. అంతకు ముందున్న 7.3 లీటర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు చుట్టూ ఆరు హెడ్ బోల్టులు ఉంటే, ఇందులో నాలుగే. ఆయిల్ కూలర్ సన్నటి దారులు మడ్డి పట్టి మూసుకుపోతే, దాని తర్వాత ఉన్న, పొగ గ్యాసును చల్లబరిచే ఈజీఆర్ కూలర్‌కు నీళ్లు అందక అది పగులుతుంది. నీళ్లు సిలిండర్లోకి పోయి ఆవిరై, ఆ ఒత్తిడికి నాలుగు బోల్టులూ సాగి హెడ్ పైకి లేస్తుంది. చాలా షెడ్లలో ఆ హెడ్లు విప్పే పనికి క్యాబిన్ మొత్తాన్ని ఫ్రేము మీంచి ఎత్తి పక్కన పెడతారు. ఆ ఇంజిన్ చేసిన నావిస్టార్‌కూ ఫోర్డ్‌కూ వారంటీ ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద 2007లో కోర్టు దాకా పోయి, 2009లో రాజీ అయింది. జనరల్ మోటార్స్ వాళ్ల డ్యూరామాక్స్ మొదటి రకం, 2001 నుంచి 2004 దాకా వచ్చినది, ఇంజెక్టర్ల జబ్బుకు పేరుపడింది. అవి వాల్వ్ కవర్ల కింద ఉంటాయి కాబట్టి ఒకటి కారినా విప్పడం మాత్రం పెద్దపనే. కంపెనీ వాటికి ఏడేళ్లు, 2,00,000 మైళ్ల దాకా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. డాడ్జ్‌లో వచ్చే కమ్మిన్స్ ఇంజిన్ గట్టిదే. కానీ 1998 నడుమ నుంచి 2002 దాకా వచ్చిన వాటిలో డీజిల్‌ను ట్యాంకు నుంచి అందించే చిన్న పంపు నీరసపడితే, పెద్ద ఇంజెక్షన్ పంపు ఎండిపోయి చస్తుంది. ఆ పెద్ద పంపుకు చలవా, నూనే రెండూ డీజిలే మరి. చిన్న పంపు మీద పిసినారితనం చేసినవాడు దానికి ఎన్నో రెట్లు పెద్ద పంపుకు కట్టుకోవాలి.

ఈ బళ్ల రిపేరు బిల్లులో స్పేరు పార్టు ధర తక్కువ, దాన్ని చేరుకోవడానికి పట్టే గంటలు ఎక్కువ. గాస్కెట్ ఒక రేకు. ఆ రేకు దాకా పోవడానికి టర్బో, మానిఫోల్డ్, పంపులు, పైపులు అన్నీ విప్పాలి.

నాది ఏ కంపెనీదో చెప్పను. చెబితే చదివేవాళ్ల మనసులో తప్పు దాని మీదికి పోతుంది. జరిగిందాన్లో బండి తప్పు లేదు.

2013లో బోవీ ఊరి పక్కన ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. డెబ్బై దాటిన మనిషి, పశువులు మేపేవాడు. బండి 2004 మోడలు, 1,87,000 మైళ్లు తిరిగింది. పొద్దున ఏడింటికి రమ్మన్నాడు. వెళ్లేసరికి బానెట్ మీద మంచు ఇంకా ఆరలేదు. "ముట్టుకుని చూడు, చల్లగా ఉంది" అన్నాడు. తర్వాత ఒక లావుపాటి ఫైలు తెచ్చి తొట్టి తలుపు మీద పరిచాడు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ రసీదు, బేరింగు వేసిన రసీదు, జాయింట్ క్రాసు వేసిన రసీదు. నేను అడక్కముందే జబ్బులన్నీ చెప్పాడు. యాభై అయిదు మైళ్ల వేగంలో వంతెన అతుకు మీద ఎక్కితే ముందు చక్రాలు ఊగుతాయి, స్టీరింగ్ డంపర్ కొత్తది వేశాను గానీ అది జబ్బును దాచడమే, బాల్ జాయింట్లూ ట్రాక్ బారూ మార్చాలి అన్నాడు. రెండు ఇంజెక్టర్లు నీరసపడ్డాయి, ఇంకో ఏడాది లాగుతాయేమో అన్నాడు.

ఆయన 12,500 డాలర్లు చెప్పాడు. నేను ఆయన చెప్పిన జబ్బుల్నే ఒక్కొక్కటిగా తిరిగి ఆయనకు చెప్పి 11,000కి బేరం చేశాను. ఆయన నోరు విప్పకపోతే నాకు వాటిలో ఒక్కటీ తెలిసేది కాదు. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, సరే తీసుకో అన్నాడు. తిరిగి వస్తూ దారంతా పదిహేను వందలు మిగిల్చానని పొంగిపోయాను. నిజం చెబితే పదిహేను వందలు పోతాయి అన్న లెక్క ఆ రోజే నా లోపల ఎక్కడో రాసుకున్నానని అప్పుడు తెలియదు.

ఆయన చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే వచ్చాయి. ముందు చక్రాల పనికి 1,900. ఏడాదిన్నరకు ఇంజెక్టర్లు, 3,200. 2016లో గేరు బాక్సు జారడం మొదలెట్టింది, 4,100. ఈ మధ్యలో బ్యాటరీలు రెండు, ఈ బళ్లకు రెండేసి ఉంటాయి, ఆల్టర్నేటర్, వాటర్ పంపు, వెనక బ్రేకు కాలిపర్లు. లెక్క రాసుకునే అలవాటు ఉంది నాకు. ఆ కాగితం చూసుకున్నప్పుడల్లా బండి నాకు బాకీ ఉన్నట్టు అనిపించేది. పాత బండి తిన్న డబ్బు దాని వయసుకు కట్టే పన్నే. నేను కొన్న రోజునే ఒప్పుకున్న పన్ను. కానీ నాకది అన్యాయంలా, ఎవరో ఎప్పటికో తీర్చవలసిన అప్పులా కనబడేది.

ఇక నా చేత్తో నేను చేసింది. 2017లో నాలుగు వందల డాలర్లు పెట్టి ట్యూనర్ అనే డబ్బా కొన్నాను. దాన్ని తగిలిస్తే ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువ అందుతుంది, టర్బో ఒత్తిడి పెరుగుతుంది, బలం వస్తుంది. డాష్ బోర్డు అంచున రెండు స్క్రూలతో గేజ్ కూడా బిగించుకున్నాను. ట్రైలర్ కట్టుకుని 380 హైవే మీద ముందు బండిని దాటుతుంటే పిల్లాడిలా ఆనందం. సిలిండర్లో ఒత్తిడి పెరిగితే ఆ భారం మోసేది హెడ్ బోల్టులూ, గాస్కెట్టూ అని నాకు తెలుసు. అప్పటికి 2,20,000 మైళ్లు దాటిన ఇంజిన్ అని కూడా తెలుసు. కూలెంట్ మార్చవలసిన గడువు ఏడాది దాటిపోయిందనీ తెలుసు. తెలిసి చేశాను.

2018 ఆగస్టులో కూలెంట్ సీసా మూత చుట్టూ తెల్లటి పొర కట్టింది, ఉప్పు ఆరినట్టు. గోరుతో గీరితే పొడిగా రాలింది. మర్నాడు పొద్దున హోస్ పట్టుకుని చూశాను. డెంటన్‌లో డీజిల్ బళ్లు మాత్రమే చేసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, దాన్ని కూలెంట్ సీసా నోటికి ఆనించి, ఇంజిన్ నడుస్తుండగా పైనుంచి రబ్బరు బుడగ నొక్కుతూ లోపలి గాలిని ఆ మందులోంచి లాగాడు. నిమిషం పట్టలేదు. నీలం విరిగి పచ్చబడింది. పొగ గ్యాసు నీళ్లలో కలుస్తోందని అర్థం. బిల్లు మీద ఆ మాట రాసి, రెండు హెడ్లూ దించాలి, 5,400 అవుతుంది, హెడ్ పగిలి ఉంటే ఇంకా పైన అని కింద రాసిచ్చాడు. "ట్రైలర్ కట్టొద్దు. ఖాళీగా తిప్పుకుంటే కొన్నాళ్లు వస్తుంది" అన్నాడు.

ఆ రాత్రి హ్యూస్టన్‌లో ఉన్న మా బావమరిదితో మాట్లాడాను. "అవన్నీ చెప్తే అమ్ముడుపోదు బావా. కొనేవాడు చూసుకుంటాడు, అది వాడి పని" అన్నాడు. మా వాడి మీద నెపం పెట్టడానికి ఇది రాయడం లేదు. ఆ మాట వినాలనే వాడికి ఫోన్ చేశాను. వద్దు అనేవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లకు చెయ్యలేదు.

ట్యూనర్ విప్పి రెండు వందలకు విడిగా అమ్మేశాను. మూత చుట్టూ తెల్ల పొరను తడిగుడ్డతో తుడిచాను. కూలెంట్ గీత దాకా నింపాను. పెద్దాయన ఇచ్చిన ఫైలులో నా రసీదులు కూడా కలిపి ఉన్నాయి. అందులోంచి డెంటన్ రసీదు ఒక్కటి తీసి పన్ను కాగితాల మధ్య పెట్టాను.

వచ్చింది ఇరవై అయిదేళ్ల కుర్రాడు, వాళ్ల నాన్న. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. ఇంటి కప్పులు వేసే పని. ఉత్తర టెక్సస్‌లో వడగళ్లు పడ్డ ఏడు ఆ పనికి కొదవ ఉండదు. కప్పు పెంకులు మోయడానికి బలమైన బండి కావాలన్నాడు. ఆ పెంకుల బరువు నాకు తెలుసు. ఖాళీగా తిప్పుకోమన్న బండికి అంతకన్నా విరోధమైన పని ఇంకోటి లేదని కూడా తెలుసు.

కుర్రాడు ఫైలు తిరగేస్తుంటే ముసలాయన బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, తియ్యలేదు. సిమెంటు పనో, తారు పనో, ఎండకు బీటలు వారిన చెయ్యి. కొడుకుతో స్పానిష్‌లో ఏదో అన్నాడు. "ఇంజిన్ వేడిగా ఉందేమని నాన్న అడుగుతున్నారు సర్" అన్నాడు కుర్రాడు.

"మీకు ట్యాంకు నిండుగా ఇద్దామని ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చాను" అన్నాను.

కొడుకు ఆ మాట తండ్రికి చెప్పాడు. ముసలాయన ముఖం వెలిగింది. బానెట్ మీంచి చెయ్యి తీసి, అదే చెయ్యి నాకు చాపి, గ్రాసియస్ అన్నాడు. నేను కలిపాను. ఆ అరచేతిలో ఇంజిన్ వేడి ఇంకా ఉంది.

డాష్ బోర్డు అంచున రెండు స్క్రూ రంధ్రాలేమిటని కుర్రాడు అడిగితే ఫోన్ స్టాండ్ ఉండేదన్నాను. ధర 9,500 చెప్పి, వాడు 9,000 అంటే కాసేపు నసిగి ఒప్పుకున్నాను. తొట్టి తలుపు మీద నోట్లు పరిచి వాళ్లు రెండుసార్లు లెక్కపెట్టారు, ఇరవైలు చాలా ఉన్నాయి అందులో. బండి యాజమాన్య పత్రం, టైటిల్ అంటారు, దాని మీద సంతకం చేశాను. పదేళ్లు దాటిన బండికి మైళ్ల లెక్క కూడా రాసివ్వక్కర్లేదన్నది అప్పటి నిబంధన. ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను అని ఒక ముక్క రాసి దాని మీద కూడా సంతకాలు తీసుకున్నాను. చట్టం అడిగినవన్నీ చేశాను.

సాయంత్రం మా ఆవిడ "గాస్కెట్ సంగతి చెప్పారా అతనికి?" అంది. "అతను అడగలేదు" అన్నాను. ముసలాయన అడిగింది అదే. మాట వేరు, అడిగింది అదే.

ఫిబ్రవరిలో ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. కప్పు పెంకులతో ట్రైలర్ కట్టుకుని ఓక్లహోమా సిటీ పోతుంటే, ఐ-35 మీద ఆర్బకిల్ కొండలు ఎక్కుతుండగా వేడి ముల్లు ఎర్ర గీత దాటి, కూలెంట్ అంతా మూత దగ్గర్నుంచి ఆవిరై ఎగజిమ్మిందట. కోపంగా లేడు. అదే నన్ను ఇప్పటికీ వదలదు. బండిని లాక్కుపోయిన షెడ్డులోంచి చేస్తున్నాడు. "ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా సర్? మెకానిక్ అడుగుతున్నాడు, తెలిస్తే ఎక్కడి నుంచి విప్పాలో తేలికవుతుందట" అన్నాడు.

నీలం మందు పచ్చబడిందని రాసిన కాగితం నా బల్ల సొరుగులో పన్ను కాగితాల మధ్య ఉంది. ఆ ఒక్క కాగితం ఫోటో తీసి పంపినా అతనికి వెతుకులాట ఖర్చు తప్పేది, గంటకు నూట నలభై చొప్పున. పోయిన డబ్బు పోగా అదైనా మిగిలేది.

"లేదు" అన్నాను.

రెండోసారి చేసినప్పుడు ఎత్తలేదు. మూడోసారి అతను చెయ్యలేదు.

డబ్బుకు ఇబ్బంది ఉండి చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు. 5,400 నాకు పెద్ద మొత్తమే గానీ ఉద్యోగం ఉంది, బ్యాంకులో ఉంది. రిపేరు చేయించకుండా నిజం చెప్పి ఆరేడు వేలకు అమ్మినా బతికేవాణ్ణి. అయిదేళ్లలో బండికి పెట్టిందంతా ఎవరి దగ్గరో వసూలు చేయాలనిపించింది, అంతే. బండి దగ్గర వసూలు కాదు. బోవీ పెద్దాయన దగ్గర కాదు, ఆయన ముందే చెప్పాడు. చివరికి గడప తొక్కిన మొదటి మనిషి దగ్గర వసూలు చేశాను. కష్టపడే వాళ్లు కదా, బళ్ల సంగతి నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను. ఆ ముసలాయనకు తెలుసు కూడా, చెయ్యి పెట్టి కనుక్కున్నాడు. తనకు తెలిసిందాని కన్నా నా మాటను ఎక్కువ నమ్మాడు.

మన దగ్గరైతే పాత లారీ కొనేముందు విజయవాడ ఆటోనగర్ నుంచో, సొంత ఊరి షెడ్డు నుంచో తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోతారు. ఇక్కడ ఇద్దరు మనుషులు ఇంటి ముందు నిలబడి, మాట మీద నోట్లు లెక్కపెట్టుకుంటారు.

2021లో ఆ కుర్రాడి నంబరుకు మెసేజ్ పెట్టాను. ఆ నంబరు ఇప్పుడు వేరేవాళ్లదని జవాబు వచ్చింది. టైటిల్ కాగితం నకలు మీద చిరునామా ఉంది. ఒక ఆదివారం వెళ్లాను. ఆ ఇంట్లో ఎవరో వేరేవాళ్లు ఉంటున్నారు. అంతకు మించి వెతకలేదు. వెతికి ఉండవచ్చు.

పాత డీజిల్ బళ్ల విషయంలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లకు నేనే పెద్ద దిక్కిప్పుడు. నేల కొన్న వాళ్లంతా పికప్ కొనేముందు నన్ను పిలుస్తారు. పోయిన మార్చిలో ఖమ్మం నుంచి వచ్చిన ఒక తమ్ముడితో వెదర్‌ఫర్డ్ దాకా వెళ్లాను. పొద్దున ఎనిమిది. వీధిలో ఉన్న కార్ల అద్దాల మీదంతా మంచు. బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అమ్మేవాడు నేను అడక్కముందే, షెడ్డులోంచి ఇప్పుడే బయటికి తీశానని అన్నాడు. నేను అతని ముఖం వంక చూశాను. అతను తొట్టి వంక చూస్తున్నాడు. ఇల్లు చూస్తే మధ్యతరగతి, గడపలో పిల్లల సైకిళ్లు. అతన్ని ఒక్క మాట అనలేకపోయాను.

"వద్దు తమ్ముడూ, పద" అన్నాను.

కార్లో కూర్చున్నాక, "చెయ్యి పెట్టగానే ఎట్ల తెలిసిందన్నా?" అని అడిగాడు. అనుభవం అన్నాను. తలూపాడు, నేనెప్పుడో అలా మోసపోయి ఉంటాననుకున్నాడు. "ఎంత పోయిందన్నా మీకు?" అన్నాడు జాలిగా.

డెకేటర్ దాకా నలభై మైళ్లు. జవాబు నోట్లోనే ఉంది, బయటికి రాలేదు. అతన్ని ఇంటి దగ్గర దింపి వచ్చి, పన్ను కాగితాల మధ్య నుంచి ఆ రసీదు తీసి ముందు పెట్టుకుని, ఇది రాయడం మొదలుపెట్టాను. పూర్తయ్యాక మొదట అతనికే పంపుతాను.